బడి గదిలో పోలీసు సామాను: తాళం ఎవరిది? పూచీ ఎవరిది?

ఊళ్ళో గొడవ రేగిందంటారు. పోలీసులు దిగుతారు. పికెట్టు పెట్టారంటే అది రెండు రోజులతో తేలదు, వారాలు గడుస్తాయి, ఒక్కోచోట నెలలు పడుతుంది. వచ్చినవాళ్ళూ మనుషులే. పడుకోను చోటు కావాలి, నీళ్ళ పంపు కావాలి, మరుగుదొడ్డి కావాలి, జీపు నిలుపుకోను జాగా కావాలి. అన్నిటికీ మించి, తెచ్చుకున్న సామాను పెట్టి తాళం వేసుకోను గట్టి గది ఒకటి కావాలి. స్టేషను లేని పల్లెటూళ్ళో ఇవన్నీ ఒక్కచోట దొరికే సర్కారు కట్టడం ఏది? బడి.

పెద్ద రైతు మేడలోనూ ఇవన్నీ వుంటాయి. చేపల చెరువుల ఆసామి గోదాములోనూ వుంటాయి. అధికారుల చూపు అటు పోదు. మేడ అడిగితే ఆసామి ఫోను తీస్తాడు. బడి అడిగితే ఎవరు అడ్డం వస్తారు? ఆ బడిలో చదివేది కూలి పిల్లలు. కాస్త కలిగినవాళ్ళ పిల్లలు పొద్దున్నే వ్యానెక్కి భీమవరమో, ఏలూరో, తాడేపల్లిగూడెమో కాన్వెంటుకు పోతారు. వాళ్ళ చదువుకు ఏ పికెట్టూ అడ్డు రాదు.

అందుకని ఈ సంగతి వ్యవసాయ కూలీల సంగతి. బడి గదిలో లాఠీలు, డాళ్ళు, తుపాకులు, తూటాలు, ఖాకీ బట్టలు పెట్టి తాళం వేస్తే, ఆ తాళం ఎవరి దగ్గర వుంటుంది? లోపల ఏముందో పట్టీ ఎవరి దగ్గర వుంటుంది? ఏదన్నా పోతే, పేలితే, ఎవరి మెడకు చుట్టుకుంటుంది? ఈ మూడు ప్రశ్నలూ అడగవలసింది మనమే. మన తరఫున మరొకరు అడగరు.

కొల్లేటి ఊళ్ళలో బడి అంటే

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో వుంది కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వంటి ఏళ్ళూ, పంట పొలాల మురుగు కాలవలూ తెచ్చిన నీరంతా అందులో పడుతుంది. సముద్రంలోకి పోవడానికి వున్న దారి ఒక్క ఉప్పుటేరే. ఎగువన గట్టి వాన పడితే సరస్సు ఉబ్బుతుంది. అయిదో కాంటూరు దగ్గర 308 చదరపు కిలోమీటర్లుండే సరస్సు పదో కాంటూరు దాకా నిండితే 901 చదరపు కిలోమీటర్లవుతుంది. ఆ రెండు గీతల మధ్య మన ఇళ్ళున్నాయి, మన పొలాలున్నాయి, మన బళ్ళున్నాయి.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి బెజవాడను ముంచింది. ఆ నీరు తరవాత వచ్చింది కొల్లేటికే. ఏలూరు–కైకలూరు రోడ్డు మీద నీరు పారి రాకపోకలు ఆగిపోయాయి. లంక గ్రామాలకు మళ్ళీ పడవే దిక్కయింది. ఇట్లాంటి రోజుల్లో పూరింటివాళ్ళూ, రేకుల షెడ్డువాళ్ళూ పిల్లల్నీ ముసలివాళ్ళనీ తీసుకుని ఎక్కడికి పోతారు? 1977 నవంబరు ఉప్పెనకు ముందూ అంతే, తరవాతా అంతే. తుపాను వచ్చినా, వరద వచ్చినా, శ్లాబు వేసిన కట్టడం కోసమే చూస్తారు. పునరావాస కేంద్రం అని అధికారులు కాగితం మీద రాసేదీ సాధారణంగా బడి పేరే.

కనక మన ప్రాంతంలో బడి ఒక్క చదువుకే పనికొచ్చేది కాదు. పగలు పిల్లలకు చదువు, మధ్యాహ్నం ఒక పూట అన్నం, వరదలో ప్రాణరక్షణ, అయిదేళ్ళకోసారి ఓటు. కూలివాడికి సొంత ఆస్తి అంటూ లేకపోయినా, ఊళ్ళో ‘ఇది మాది’ అనుకోదగ్గ పక్కా కట్టడం అదొక్కటే. అందులో ఒక గదికి వేరేవాళ్ళ తాళం పడిందంటే, వరద రాత్రి ఆ గది మనకు లేనట్టే. పైగా తూటాల పెట్టె వున్న గోడకు ఇవతల వంద మంది ఆడవాళ్ళు పొయ్యిలు రాజేసుకుని పడుకోవాలి. ఇది ఎవరికన్నా మంచిదా?

పికెట్లు ఈ నేలకు కొత్త కాదు

పోలీసులు ఊళ్ళో మకాం వెయ్యడం అంటే ఏమిటో మన పెద్దవాళ్ళకు బాగా తెలుసు. 1948 మొదలు మూడేళ్ళపాటు మలబారు స్పెషల్ పోలీసులు కృష్ణా, గుంటూరు, పశ్చిమ గోదావరి పల్లెల్లో సాగించిన దాడుల కథలు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1949లో కాటూరు, ఎలమర్రు గ్రామాల్లో మనుషుల్ని బట్టలూడదీసి ఊరేగించిన అవమానాన్ని కృష్ణా జిల్లా మరిచిపోలేదు.

ఆ తరవాత కాలం మారింది. పోలీసులు ఊళ్ళోకి వచ్చే కారణాలు మారాయి గాని, రావడం ఆగలేదు. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట అయిదో కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లను పొక్లెయిన్లతో, మందుగుండుతో తెగ్గొట్టినప్పుడు పెద్ద ఎత్తున బలగాలు దిగాయి. 2016, 2017 సంవత్సరాల్లో భీమవరం దగ్గర తుందుర్రు ప్రాంతంలో ఆక్వా ఫుడ్ పార్కు వద్దని జనం కదిలితే 144వ సెక్షను పెట్టి ఊళ్ళ చుట్టూ పహరా వేశారు. 2017లోనే పాలకోడేరు మండలం గరగపర్రులో అంబేడ్కర్ విగ్రహం విషయమై దళితులను సాంఘిక బహిష్కరణ చేసి పనులకు పిలవడం మానేసినప్పుడు అక్కడా పికెట్టు పెట్టవలసి వచ్చింది.

ఈ మూడూ ఒకే రకం సంగతులు కావు. ఒకచోట సర్కారు తన ఉత్తర్వు అమలు చెయ్యడానికి పోలీసుల్ని దించింది. ఒకచోట జనాన్ని అదుపు చెయ్యడానికి దించింది. ఒకచోట బలహీనులకు రక్షణగా పెట్టవలసి వచ్చింది. కాని ఏ కారణంగా వచ్చినా బలగాలకు మకాం కావాలి, సామానుకు గది కావాలి. ఆ గది ఏదన్న ప్రశ్న మాత్రం అన్నిచోట్లా ఒక్కటే. రేపు మన ఊరికీ ఇదే ప్రశ్న రావచ్చు. అప్పుడు తడుముకోకుండా జవాబు ఇప్పుడే అనుకుని వుంచుకోవాలి.

పెట్టెలో ఏముంటుంది?

పోలీసు సామాను అనగానే లాఠీ, టోపీ గుర్తొస్తాయి. నాలుగు లాఠీలు గోడకు ఆనించి పెడితే కొంప మునుగుతుందా అని కొందరంటారు. గుంపుల్ని చెదరగొట్టడానికి వచ్చిన దళం వెంట వచ్చేది నాలుగు లాఠీలే కాదు. హెల్మెట్లు, డాళ్ళు, బాష్పవాయువు గుండ్లు, అవి పేల్చే తుపాకులు, రైఫిళ్ళు, తూటాలు, వాకీటాకీలు, వాటి బ్యాటరీలు, జీపులకు డీజిలు డబ్బాలు, బూట్లు, బెల్టులు, యూనిఫాం పెట్టెలు అన్నీ వస్తాయి.

స్టేషనులో అయితే వీటికి ఒక పద్ధతి వుంది. ఆయుధాలకు వేరే గది, ఇనప కటకటాలు, రాత్రింబగళ్ళు సెంట్రీ, ఎవరు ఏ నంబరు తుపాకీ తీసుకున్నారో రాసే రిజిస్టరు. జిల్లా కేంద్రంలో ఆర్మ్‌డ్ రిజర్వు వాళ్ళకు ప్రత్యేకంగా స్థలమే వుంది. ఇన్ని ఏర్పాట్లు ఎందుకు చేసుకున్నారు? ఆ సామాను ప్రమాదకరమైందని పోలీసు శాఖకే తెలుసు గనక. మరి స్టేషనులో ఇంత జాగ్రత్త కావలసిన వస్తువు బడికి వచ్చేసరికి ఒక గొళ్ళెంతో, ఒక బజారు తాళంతో సరిపోతుందా? గొళ్ళెం ఊడిన తలుపు, పలక పగిలిన కిటికీ, కురిసే శ్లాబు – చాలా బళ్ళ స్థితి ఇదే కదా. కొల్లేటి చెమ్మ సంగతి వేరే చెప్పాలా? పుస్తకాలకే బూజు పట్టే గదిలో తూటాలూ, గుండ్లూ ఎట్లా నిలవ వుంటాయి?

పిల్లల సంగతి చూడండి. బాష్పవాయువు గుండు చూడటానికి చిన్న డబ్బాలా వుంటుంది. పేలకుండా ఒకటి మిగిలి, దళం వెళ్ళిపోయాక చెత్తలోనో, తుప్పల్లోనో పిల్లవాడి చేతికి దొరికితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. బంతి దొరికిందనుకుని గోడకేసి కొట్టేది పిల్లలే. ఆ ప్రమాదం జరిగాక విచారణ వేస్తారు, నష్టపరిహారం ప్రకటిస్తారు. పోయిన కన్ను తిరిగిరాదు.

ఇంకొక సంగతి. ఆయుధం వున్న చోటికే ఆయుధం కావలసినవాడు వస్తాడు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి స్టేషను మీద, మర్నాడు కృష్ణదేవిపేట మీద, ఆ మర్నాడు రాజవొమ్మంగి మీద పడింది. మూడు స్టేషన్లలో కలిపి 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు పట్టుకుపోయింది. ఆ దళం తెల్లవాడితో పోరాడింది, అది వేరే చరిత్ర. ఇక్కడ మనం గమనించవలసింది ఒక్కటే. కావలి వున్న స్టేషన్లే వరసగా మూడు రోజులు పోయాయి. ఆ స్టేషను సామాను తెచ్చి బడిలో పెడితే, స్టేషనుకు వుండే గండం బడికి వస్తుంది. తుపాకీకి గురి అయ్యేది అప్పుడు బడి.

ఖాకీ చొక్కా పోతే

తుపాకుల మాట అందరూ ఒప్పుకుంటారు. యూనిఫాంతో ఏం ముప్పని అడుగుతారు. ఖాకీ చొక్కా, టోపీ, బెల్టు – వీటికి మన ఊళ్ళలో వున్న బలం మనకు తెలియంది కాదు. ఆ బట్ట వేసుకుని అర్ధరాత్రి తలుపు తడితే కూలివాడు ‘ఎవరు నువ్వు’ అని అడగలేడు. లారీ ఆపితే డ్రైవరు ఆపుతాడు. పొలం మీదికి వచ్చి ‘నడవండి’ అంటే నడుస్తారు. దొంగకైనా, ఆసామి పెట్టుకున్న గూండాకైనా ఆ చొక్కా ఒక ఆయుధమే. అందుకే మోసం చెయ్యాలని ప్రభుత్వోద్యోగి దుస్తులు వేసుకోవడం పాత శిక్షాస్మృతి 171వ సెక్షను కింద నేరం. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 205వ సెక్షను.

ఆ గదిలోంచి ఒక జత యూనిఫాం పోయిందనుకోండి. మొదట ఎవర్ని పిలుస్తారు? బడి ఊడ్చే ఆయమ్మను. అన్నం వండే వంటమ్మల్ని. రాత్రి కాపలా మనిషిని. బడి గోడకు ఆనుకుని వున్న పేటలో కుర్రాళ్ళని. అందరూ కూలి ఇళ్ళవాళ్ళే. ‘తాళం నీ దగ్గరే వుందిగా, నువ్వు కాకపోతే ఎవరు తీశారు?’ అని అడిగితే ఆ మనిషి ఏం చెప్పుకుంటాడు? పోలీసుల వస్తువు పోయింది, అడిగేదీ పోలీసులే, నిందితుడు రోజుకూలి. కేసు తేలేలోపు ఆ మనిషి పని పోతుంది, పరువు పోతుంది, స్టేషను చుట్టూ తిరగడానికి కూలి రోజులు పోతాయి.

హెడ్మాస్టరు పరిస్థితీ అంత సుఖంగా వుండదు. గది ఇచ్చానని ఆయన కాగితం రాయడు, ఎందుకంటే ఆయన్ని కాగితం అడిగినవాళ్ళు లేరు. నోటిమాటగా ‘మేష్టారూ, ఒక గది సర్దండి’ అంటారు. ఆయన సర్దుతాడు. లోపల ఏం పెట్టారో ఆయనకు చెప్పరు. పోయినప్పుడు మాత్రం బడి బాధ్యుడు ఆయనే అవుతాడు.

చట్టం బడి వైపే వుంది

ఈ విషయంలో చట్టం తెలియక చాలామంది ఊరుకుంటున్నారు. తెలుసుకుందాం.

మొదటిది, 2009 విద్యాహక్కు చట్టం. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో వుంది. బడికి ఏమేం వుండాలో దాని షెడ్యూలులో రాసి వుంది. ఒక్కో టీచరుకు కనీసం ఒక్కో తరగతి గది, ఆఫీసు – స్టోరు – ప్రధానోపాధ్యాయుల గది కలిపి ఒకటి, ఆడపిల్లలకు మగపిల్లలకు వేరువేరు మరుగుదొడ్లు, మంచినీళ్ళు, వంటగది, ఆటస్థలం, ప్రహరీ. మన ఇద్దరు టీచర్ల బడిలో లెక్క వెయ్యండి. మిగులు గది ఎక్కడుంది? పోలీసు సామానుకు ఒక గది ఇచ్చారంటే ఒక తరగతిని వరండాలోకి నెట్టారన్నమాట. మరుగుదొడ్డి దళం వాడుకుంటే ఆడపిల్లలు బడి మానేస్తారు. అది అందరికీ తెలిసిన సంగతే. ఆటస్థలంలో జీపులు పెడితే ఆట ఆగిపోతుంది. అంటే షెడ్యూలులోని అంశాలు ఒకటి తరవాత ఒకటి చెల్లిపోతాయి.

అదే చట్టం 27వ సెక్షను టీచర్లను చదువుకు సంబంధం లేని పనులకు వాడగూడదంటుంది. మినహాయింపులు మూడే ఇచ్చింది. పదేళ్ళ జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలు. పోలీసు సామానుకు కాపలా వుండడం ఆ మూడింటిలో లేదు. తాళం చెవి పట్టుకుని కూచోమని మేష్టారికి ఎవరూ చెప్పడానికి వీల్లేదు.

రెండోది, సుప్రీంకోర్టు ఆదేశాలు. ఈశాన్య రాష్ట్రాల్లో బలగాలు బళ్ళల్లో తిష్ఠ వేసిన విషయం కోర్టు ముందుకు వచ్చినప్పుడు, 2010 సెప్టెంబరు 1న ఇచ్చిన ఆదేశంలో, ఇకముందు ఏ ప్రయోజనం కోసమైనా సరే సాయుధ, భద్రతా బలగాలు బడి కట్టడాలను ఆక్రమించగూడదని కోర్టు చెప్పింది. అప్పటికే వున్నచోట ఖాళీ చెయ్యమంది.

మూడోది మనకు మరీ దగ్గరిది, చత్తీస్‌గఢ్ కేసు. కుకునూరు, వేలేరుపాడు మండలాలు 2014లో ఆంధ్రలో కలిశాయి, ఇప్పుడు ఏలూరు జిల్లాలో వున్నాయి. ఆ పక్క అడవి దాటితే బస్తరు. 2005 తరవాత సల్వాజుడుం దాడులకు తట్టుకోలేక అక్కడి ఆదివాసులు కుటుంబాలతో సహా గోదావరి ఒడ్డుకు వలస వచ్చారు. వాళ్ళ ఊళ్ళలో బళ్ళు, ఆశ్రమ పాఠశాలలు బలగాల శిబిరాలయ్యాయి. బలగాలుంటాయన్న సాకుతో మావోయిస్టులు బడి కట్టడాలను పేల్చారు. బడిలో దిగినవాళ్ళకీ, బడిని పేల్చినవాళ్ళకీ నడుమ నలిగింది ఆదివాసి పిల్లల చదువు.

ఈ కేసులో 2011 జనవరిలో సుప్రీంకోర్టు బళ్ళు, హాస్టళ్ళు, ఆశ్రమ పాఠశాలలు నాలుగు నెలల్లో ఖాళీ చెయ్యమంది. అదే ఏడు జులై 5న ఆదేశాలిచ్చిన ధర్మాసనంలో మన తెలుగువారైన జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి వున్నారు. ఆ తీర్పులో గమనించదగ్గ సంగతి ఒకటుంది. బలగాలు బళ్ళల్లో లేనే లేవని రాష్ట్ర ప్రభుత్వం మొదట కోర్టుకు చెప్పింది. విచారణలో ఆ మాట సరి కాదనీ, చాలా బళ్ళు ఇంకా బలగాల చేతుల్లోనే వున్నాయనీ తేలింది. సుప్రీంకోర్టుకే తప్పు లెక్క వెళ్ళినప్పుడు, ఊళ్ళో హెడ్మాస్టరుకు సరైన లెక్క ఎవరిస్తారు? అందుకే లెక్క మనం రాసుకోవాలి.

ప్రపంచంలోనూ ఇదే మాట వినిపిస్తోంది. యుద్ధాలు జరిగే దేశాల్లో కూడా బడిని సైన్యం వాడుకోగూడదని 2015 మేలో ఓస్లోలో ఒక ప్రకటన చేశారు. తరవాతి కాలంలో వందకు పైగా దేశాలు దానికి ఒప్పుకున్నాయి. ఓస్లోలో ఆమోదం తెలిపిన దేశాల్లో భారత్ లేదు.

మరి రక్షణ ఎట్లా?

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న వస్తుంది. పేట మీద దాడి జరిగినప్పుడు పికెట్టు పెట్టమని అడిగేది మనమే కదా? పోలీసులు లేకపోతే రాత్రికి రాత్రి ఇళ్ళు తగలబెడతారే? నిజమే. కారంచేడు, చుండూరు చూసిన జనం మనం. రక్షణ వద్దని ఎవరూ అనడం లేదు. రక్షణ కల్పించడం సర్కారు బాధ్యత. ఆ బాధ్యత ఖర్చు కూలి పిల్లల చదువు మీద వెయ్యగూడదన్నదే మన మాట.

చోటు లేదన్నది వొట్టి మాట. పెద్ద ఊళ్ళో మార్కెట్ కమిటీ గోదాము వుంటుంది, కల్యాణ మండపం వుంటుంది, పంచాయతీ ఆఫీసు వుంటుంది, వాడకంలో లేని సర్కారు క్వార్టర్లుంటాయి. ఏవీ లేకపోతే గుడారాలున్నాయి, లారీ మీద తెచ్చే కంటైనరు గదులున్నాయి. అద్దె సర్కారు కట్టాలి. రెండో ప్రపంచ యుద్ధంలో తాడేపల్లిగూడెం పొలాల్లో విమానాలకు ఏకంగా రన్‌వే వెయ్యగలిగింది తెల్ల ప్రభుత్వం. స్వతంత్ర ప్రభుత్వం ఇరవై మందికి ఒక షెడ్డు వెయ్యలేదా? ఊళ్ళో మకాం పెట్టినా ఆయుధాలూ తూటాలూ విధి ముగియగానే దగ్గర్లోని స్టేషనుకు చేరాలి. భీమవరం, ఆకివీడు, కైకలూరు, ఏలూరు, తాడేపల్లిగూడెం – డెల్టాలో ఏ ఊరికీ స్టేషను అందనంత దూరంలో లేదు.

ఇంకొక మెలిక కూడా వుంది. బడిలో దిగిన దళానికి కాఫీ, భోజనం, మంచాలు ఎవరింటి నుంచి వస్తాయి? ఊరి పెద్దల ఇళ్ళ నుంచి. పొద్దున వాళ్ళ కాఫీ తాగిన జమేదారు సాయంత్రం పేటవాళ్ళ ఫిర్యాదు ఎట్లా రాస్తాడో చెప్పక్కర్లేదు. మకాం ఎక్కడ, ఖర్చు ఎవరిది అన్నదాన్ని బట్టే రక్షణ ఎవరికి దక్కుతుందో తేలుతుంది.

ఎన్నికల బందోబస్తు, పిల్లల ఖాకీ

రెండు సందర్భాలు విడిగా చూడాలి. ఒకటి ఎన్నికలు. ప్రజాప్రాతినిధ్య చట్టం 160వ సెక్షను కింద పోలింగు కేంద్రానికీ, పోలింగు అయ్యాక పెట్టెలు దాచడానికీ కట్టడాలు స్వాధీనం చేసుకునే అధికారం వుంది. రాతపూర్వకమైన ఉత్తర్వు వుండాలి, 161వ సెక్షను కింద పరిహారమూ ఇవ్వాలి. ఓట్లు దాచే గదికి ఎంత కట్టుదిట్టమో చూడండి. రెండు తాళాలు, సీళ్ళు, సాయుధ కాపలా, అభ్యర్థుల మనుషులు కనిపెట్టుకుని వుండడానికి వీలు. ఓట్ల యంత్రానికి ఇంత జాగ్రత్త పడే సర్కారు, పిల్లలు తిరిగే బడిలో తూటాల పెట్టెకు ఇందులో పావు వంతు పద్ధతయినా చూపించాలి కదా. బందోబస్తుకు వచ్చిన దళం పోలింగు అయిన రోజే ఖాళీ చెయ్యాలి. ‘మళ్ళీ లెక్కింపుకు వస్తాం, పెట్టెలు వుండనీండి’ అంటే ఒప్పుకోగూడదు.

రెండోది, బడి పిల్లలకే ఇచ్చే ఖాకీ. ఎన్‌సిసి పాతది. 2010లో కేరళలో మొదలైన స్టూడెంట్ పోలీస్ క్యాడెట్ పథకాన్ని 2018 జులై 21న దేశమంతటికీ ప్రకటించారు. సర్కారు బళ్ళల్లో 8, 9 తరగతుల పిల్లలకు ఇది. శిక్షణ సామగ్రి, ఇతర ఖర్చులకు బడికి 50 వేల రూపాయలన్నారు. పిల్లల బూట్లు, బట్టలు, విజిళ్ళు బడిలో దాచుకోవడానికి అభ్యంతరం లేదు. ఒక ఇనప బీరువా, ఒక పుస్తకం, సంతకం చేసి తీసుకుని సంతకం చేసి అప్పగించే పద్ధతి వుంటే చాలు. కాని ఈ బీరువా పేరు చెప్పి అసలు పోలీసు సామాను అందులో చేరగూడదు. చిరిగిన యూనిఫాం ఖరీదు కూలి ఇంటి పిల్లవాడి దగ్గర వసూలు చెయ్యగూడదు.

మనం చెయ్యవలసింది

మన చేతిలో ఒక పనిముట్టు వుంది. దాన్ని వాడడం లేదు. విద్యాహక్కు చట్టం 21వ సెక్షను ప్రకారం ప్రతి సర్కారు బడికీ యాజమాన్య కమిటీ వుండాలి. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే. సగం మంది ఆడవాళ్ళు. బలహీన వర్గాలకు వాళ్ళ జనాభా నిష్పత్తిలో చోటు. మన ఊళ్ళ బళ్ళల్లో ఆ తల్లులు నాట్లేసే, కోతలు కోసే, రొయ్యల షెడ్లలో పనిచేసే ఆడకూలీలే. సంతకాలకు తప్ప వాళ్ళను పిలవడం లేదు. కూలి సంఘం కార్యకర్తలు మొదట చెయ్యవలసిన పని, ఈ కమిటీ కూచునేట్టు చూడడం.

బడి గది అడిగారని తెలియగానే కమిటీ కూచుని, ఇవ్వడం కుదరదని తీర్మానం రాయాలి. కారణాలు పైన చెప్పినవే: గదుల లెక్క, 2010, 2011 ఆదేశాలు. నకళ్ళు హెడ్మాస్టరుకు, మండల విద్యాధికారికి, తహసీల్దారుకు, ఎస్పీకి, కలెక్టరుకు పంపాలి. విద్యాహక్కు అమలు చూడవలసిన బాలల హక్కుల కమిషనుకూ ఒకటి పంపాలి. ప్రత్యామ్నాయ స్థలం ఏదో అందులోనే రాయాలి. అప్పుడు ‘రక్షణకు అడ్డం పడుతున్నారు’ అనే మాట నిలవదు.

మాట వినకుండా దిగిపోయారనుకోండి. అప్పుడు అడగవలసినవి: ఎవరి ఉత్తర్వు, ఏ తేదీ వరకు? లోపల పెట్టిన సామాను పట్టీ ఏది? తాళం పోలీసుల దగ్గరే వుండాలి, సెంట్రీ వాళ్ళదే వుండాలి. బడి సిబ్బందిలో ఎవరికీ తాళం చెవి అప్పగించగూడదు, దాని పూచీ వాళ్ళ మీద వెయ్యగూడదు. వంటగది, మరుగుదొడ్లు, మంచినీళ్ళ పంపు ముట్టుకోగూడదు. పిల్లల చేత నీళ్ళు మోయించగూడదు, ఊడిపించగూడదు. ఉత్తర్వు చూపించకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి.

దళం వెళ్ళిపోయిన రోజున ఊరుకోకండి. పిల్లలు అడుగుపెట్టకముందే గదులూ, వరండా, ఆటస్థలం, తుప్పలు పోలీసుల చేతనే వెతికించి, ఏమీ మిగల్లేదని కాగితం రాయించుకోవాలి. విరిగిన బెంచీలు, పగిలిన కుళాయిలు లెక్క కట్టి సర్కారు చేత బాగు చేయించాలి. అన్నిటికంటే ముఖ్యం, బడి మూతపడిన రోజుల్లో చెదిరిపోయిన పిల్లల్ని ఇంటింటికీ తిరిగి మళ్ళీ తీసుకురావాలి. నెల రోజులు బడి లేకపోతే మగపిల్లవాడు చెరువు గట్టు మీద కాపలాకు పోతాడు, ఆడపిల్ల రొయ్యల షెడ్డుకు పోతుంది. చేతికి నాలుగు డబ్బులు రావడం మొదలయ్యాక తిరిగి పలక పట్టించడం ఎంత కష్టమో కన్నవాళ్ళకు తెలుసు.

ఈ వానాకాలం లోపే ప్రతి ఊళ్ళోనూ యాజమాన్య కమిటీ సమావేశం జరిపించండి. బడిలో ఎన్ని గదులున్నాయి, ఏ గది తాళం ఎవరి దగ్గర వుంది అన్నది ఆ రోజే పుస్తకంలో రాయించండి.